చాప మీది మాట

కెందు బే
9 ఫిబ్రవరి 1994

తమ్ముడు సిల్వానోకి,

మీ అకెయో అక్క రాసేది. ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. ఒమెనా చేప సరిగా పడటం లేదు, పడిన కాస్తా ఎండబెడదామంటే కాకులు ఎత్తుకుపోతున్నాయి. నీ పిల్లలు, మరదలు బాగున్నారని తలుస్తాను.

పనిపడితే తప్ప ఈ పెదనాన్న కూతురికి నేను గుర్తురానని నువ్వనుకుంటే నేనేం కాదనను. పనే పడింది.

మా తమ్ముళ్లలో చిన్నవాడు ఒచోలా, అవినో అనే పిల్లను తెచ్చుకున్నాడు. మంచి పిల్లే, నోరు కొంచెం పెద్దది. ఇప్పుడు ఆ పిల్లకి మూడో నెల. అమ్మ పోయిన తర్వాత ఖాళీగా పడున్న వంటపాకలో వాళ్లిద్దరినీ ఉంచాను. వానలు మొదలైతే అందులో కోళ్లు కూడా ఉండవు. ఒచోలా ఇల్లు వేసుకుంటానంటాడు, మాగాక్ తాత కర్ర ఎత్తుతాడు. "పెద్దవాడి గుమ్మం లేవకుండా చిన్నవాడు గుంజ పాతితే ఆ ఇంట్లో పుట్టినవాళ్లు నిలవర్రా" అంటాడు. మన కట్టుబాటు నీకు తెలియంది కాదు. ఒచోలాకంటే ముందు వాడి అన్న ఒలువోచ్ పాతాలి గుంజ.

ఆ ఒలువోచ్ ఎక్కడున్నాడో నువ్వు వెతికి చెప్పాలి. పోయిన ఆగస్టులో ఉత్తరం వచ్చింది, ఆ తర్వాత జాడ లేదు. బతికుంటే ఒక్కసారి వచ్చి గుంజ పాతి పొమ్మను. లేడూ అంటావా, నా నోరు పడిపోను, అదైనా తెలియాలి. పోయినవాణ్ణి మట్టిలో పెట్టాకైనా చిన్నవాడు కదలొచ్చు. ఇలా మధ్యలో వేలాడితే అవినో బిడ్డకి చూరు లేదు.

వాడు నైరోబీ వచ్చినప్పుడు మొదట నీ గదిలోనే కదా దిగింది. తర్వాత మీ ఇద్దరికీ ఏదో మాట వచ్చి విడిపోయారని విన్నాను. ఎందుకో అడగను. సబ్బుల కంపెనీలో గుమాస్తాగా చేస్తున్నానని వాడు అమ్మకి చెప్పేవాడు. అక్కడ మొదలుపెట్టు.

ఇంకో సంగతి. వాడి ఉత్తరం సగం నాకు అర్థం కాలేదు. మన భాష కాదు, స్వాహిలీ కాదు, ఇంగ్లీషూ కాదు. పాస్టరు గారికి చూపిస్తే ఆయన కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుని తిరిగిచ్చేశాడు. 'కెజా' అంటే ఏమిటి? 'కరావ్' ఎవరు? 'ఉషాగో' అని మూడు చోట్ల రాశాడు, ఆడపిల్ల పేరా? అర్థాలు రాసి పంపు. అంతేగానీ నువ్వు కూడా నాకు ఆ భాషలో రాయకు. అన్నం తింటుంటే రాయి తగిలినట్టు ఉంటుంది నాకు.

మీ అక్క
అకెయో


కరియోబాంగి, నైరోబీ
27 ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరం చదివి మా ఆవిడ అడిగింది, "మీ అక్క ఉత్తరం రాసిందా, సమన్లు పంపిందా?" అని. కోప్పడకు. అది కూడా నీలాగే నోరున్న మనిషి, పైగా ఇప్పుడు కడుపుతో ఉంది. దేనికి నవ్వుతుందో దేనికి ఏడుస్తుందో దానికే తెలియదు.

ఉషాగో ఆడపిల్ల కాదక్కా. ఊరు. మనం పుట్టిన ఊరిని ఇక్కడి కుర్రాళ్లు అలా అంటారు. కెజా అంటే అద్దె గది. కరావ్ అంటే పోలీసు. కాబట్టి ఒలువోచ్ నీకు రాసింది, గది అద్దె పెరిగింది, పోలీసులతో విసుగొచ్చింది, ఊరు గుర్తొస్తోంది అని. మంచి మాటలే రాశాడు, వేషం మార్చి రాశాడంతే.

నువ్వు రాయి తగిలిందన్న మాటలతోనే నేను అన్నం తింటున్నాను, మర్చిపోయావా? బోర్డులు రాసే పని కదా నాది. మంగలి షాపు అద్దం మీద ఆ మాటలే. మాంసం కొట్టు గోడ మీద ఆ మాటలే. మటాటు వ్యాను వెనకద్దం మీద మంచి స్వాహిలీ రాస్తే ఆ బండి ఎవరూ ఎక్కరు, పాస్టరు గారి బండి అనుకుని. ఒక పేటలో పుట్టిన మాట నాలుగు నెలల్లో నా కుంచె దాకా వస్తుంది. ఇంకో ఏడాదికి ముసలిదైపోతుంది. ఆ మాట రాసిన బోర్డు చెరిపి కొత్తది రాయమంటారు. మా పెద్దాడు బడి వ్యాసంలో కూడా అలాగే రాస్తే పంతులమ్మ ఎర్రసిరాతో పేజీ అంతా కొట్టేసింది.

ఈ నెల మొదట్లో ఒక పని వచ్చింది. తూర్పు పేటల్లో తిరిగే బండి వాళ్లు వచ్చారు. వాళ్ల కుర్రాడొకడు తలుపు దగ్గర నిలబడి జనాన్ని ఎక్కించేవాడు, కదులుతున్న బండి మీంచి పడి చచ్చిపోయాడట. వెనకద్దం నిండా వాడి పేరు రాయమన్నారు. మొహం వేద్దామని ఫొటో అడిగితే లేదన్నారు. వాడి ఊరేదో కూడా వాళ్లకి తెలియదట. ఆ పేరు నీకు రాయను. అదీ ఆ బాపతు మాటే, నువ్వు తిడతావు. పసుపు అక్షరాలు, ఊదారంగు నీడ. నా చేత్తో ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు. రోడ్డు మీద ఆ బండి పోతుంటే ఆగి చూస్తున్నారు.

ఒలువోచ్ కోసం ఆదివారం నుంచి తిరుగుతాను. మేం పోట్లాడుకున్నది దుప్పటి గురించి. ఏదో పెద్ద సంగతి అనుకుంటున్నావేమో, అంతే. ఆరేళ్లయింది.

నీ తమ్ముడు
సిల్వానో


కెందు బే
18 మార్చి

తమ్ముడూ,

వానలు వచ్చేశాయి. వంటపాకలో మూడు చోట్ల కారుతోంది. అవినో కుండలు పెట్టి పట్టుకుంటోంది, నోరు మాత్రం ఇప్పుడు మూతపడింది. అది ఊరుకోవడం చూస్తే నాకు ఇంకా భయంగా ఉంది. ఒచోలా నాతో మాట్లాడటం మానేశాడు. నిన్న గొడ్డలి పట్టుకుని చెరువు పక్కకి పోయి రెండు గుంజలు నరుక్కొచ్చి పెరట్లో పడేశాడు. మాగాక్ తాత వచ్చి వాటి మీద కూర్చున్నాడు. పొద్దున నుంచి చీకటి పడేదాకా లేవలేదు. "నన్ను లేపి పాతుకో" అన్నాడు. పెద్దమనిషిని ఎవరు లేపుతారు?

నీ ఉత్తరంలో చచ్చిపోయిన కుర్రాడి గురించి చదివి దణ్ణం పెట్టుకున్నాను. ఏ తల్లి కన్నదో. వాళ్ల ఇంట్లో కూడా నాలాంటిది ఒకతె కూర్చుని ఉత్తరం కోసం చూస్తుంటుంది.

ఒలువోచ్ ఉత్తరంలో నాకు తెలియని మాటలు ఇంకొన్ని పంపుతున్నాను. 'మకాంగా' అంటే? 'ఇప్పుడు నేను మకాంగాని అక్కా' అని రాశాడు. అది పదవా, జబ్బా? 'మోస్ మోస్' అంటే? 'వచ్చే ఆగస్టు కల్లా ఇంటికి రేకులు కొంటా, మోస్ మోస్ వస్తా' అని ఉంది. వస్తాడా రాడా అందులో?

గుర్తుపట్టడానికి ఒకటి రాస్తున్నాను, నీకు జ్ఞాపకం ఉంటుందో లేదో. వాడి గడ్డం కింద గాలం దిగిన మచ్చ ఉంది. గాలం విసురుతూ వాడి గడ్డానికే వాడు వేసుకున్నాడు. ఆరోజు సెలవులకి వచ్చిన నువ్వు నవ్వితే అమ్మ నిన్ను కొట్టింది.

అందరినీ జబ్లోన్ ఒలువోచ్ అని పూర్తి పేరు పెట్టి అడుగు. సగం పేరు చెబితే ఎవరికీ అందదు.

అకెయో


కరియోబాంగి
20 ఏప్రిల్

అక్కా,

ఆలస్యం అయింది. నాలుగు సబ్బుల కంపెనీల గేట్ల దగ్గర నిలబడ్డాను. నీ రెండో ఉత్తరం వచ్చాక ఆ తిరుగుడంతా దండగని తెలిసింది. మకాంగా పదవీ కాదు, జబ్బూ కాదు. మటాటు తలుపు దగ్గర వేలాడుతూ జనాన్ని పిలిచి ఎక్కించేవాడు. మోస్ మోస్ అంటే మెల్లమెల్లగా. వస్తాననే రాశాడు.

ఆ రోజు నుంచి బండ్లు ఆగే చోట్లన్నీ తిరుగుతున్నాను. జబ్లోన్ ఒలువోచ్ తెలుసా అంటే నన్ను పైనుంచి కిందికి చూస్తున్నారు. ఒకడు, "ఏం మూజే, పెద్దాయనా, నువ్వు కరావ్‌వా?" అన్నాడు. "కాదురా, వాడి అన్నని" అన్నాను. "అన్నవైతే వాణ్ణి ఏమని పిలుస్తారో తెలియదా?" అన్నాడు.

ఇక్కడి కట్టుబాటు నీకు చెప్పాలి. బండి మీద పనిచేసేవాళ్లు ఒకరి అసలు పేరు ఒకరు అడగరు. అడగటం తప్పు. పోలీసులు ఒకణ్ణి పట్టుకుపోయి 'నీతో ఉన్నవాడి పేరు చెప్పు' అని కొడితే నిజంగానే తెలియకుండా ఉండాలట. తెలియని పేరు ఎంత కొట్టినా బయటికి రాదు అంటారు. ఒక్క కంచంలో ఉగాలి ముద్ద తింటారు, ఒక్క దుప్పటి కప్పుకుంటారు, అమ్మ పెట్టిన పేరు మాత్రం ఎవరి జేబులో వాళ్లకే. ప్రతివాడికీ ఒక మాట ఉంటుంది, వాడి నోట పుట్టిన మాట, అదే వాడి పేరు.

నేను బోర్డు రాసిన కుర్రాడి బండి వాళ్లు కనబడ్డారు. ఒక్క నిమిషం వాడే మనవాడేమో అనిపించింది, నీతో అబద్ధం దేనికి. కానీ వాళ్లన్నారు, వాడు ఈ పేటల్లోనే పుట్టిన వాడయి ఉంటాడు, ఇక్కడి మాట వాడంత గొప్పగా ఎవరికీ రాదు, సరస్సు వైపు యాస రవ్వంత లేదు అని. మనవాడు 'చేప' అంటే చాలు, కెందు బే వాడని నైరోబీ అంతా తెలుస్తుంది కదా. కాబట్టి వాడు కాదు, మచ్చ సంగతి అడగనైనా లేదు.

ఒక పని చెయ్యి. ఒలువోచ్ ఉత్తరంలో నీకు అర్థమైన మాటలు, కానివి అని ఏరకు. మొదటి నుంచి చివరిదాకా, సంతకం పైన ఏముందో కూడా వదలకుండా ఎత్తి రాసి పంపు. వాడి పేరు అందులో ఎక్కడో ఉండే ఉంటుంది.

సిల్వానో


కెందు బే
11 మే

తమ్ముడూ,

అడిగావు కాబట్టి అంతా ఎత్తి రాశాను, విడి కాగితం మీద ఉంది. ఒచోలా చేత రాయిద్దామంటే వాడు ఆ ఉత్తరం ముట్టుకోనన్నాడు. "వాడి రేకులు, వాడి ఆగస్టు, నా పెళ్లాం మాత్రం వానలో" అన్నాడు. కన్నీళ్లు వచ్చాయి నాకు. వాడిదీ తప్పు కాదు.

చివర ఒక మాట ఉంది. అది నిన్నెప్పుడూ అడగలేదు, ఎందుకంటే అది నైరోబీ మాట కాదు, మనింటి మాటే. 'న్యుబూ, అక్కా' అని రాసి కింద సంతకం పెట్టాడు. నువ్వు అప్పటికి మీ అమ్మావాళ్లతో కిసుము వెళ్లిపోయావు, నీకు తెలియదు.

నీకు చెబుతాను, నవ్వకు. మేం ఐదుగురం ఒక్క చాప మీద, ఒక్క దుప్పటి కింద పడుకునేవాళ్లం. ఆలస్యంగా వచ్చినవాళ్లకి చోటుండేది కాదు. ఒలువోచ్‌కి అప్పటికి మాటలే సరిగా రావు. చీకట్లో ఎవరైనా వచ్చి చాప పక్కన నిలబడితే వాడు నిద్రలోనే "న్యుబూ" అనేవాడు. ఆ మాట వినగానే అందరం ఒక్కసారి గోడవైపు దొర్లేవాళ్లం. ఒక మనిషి పట్టేంత చోటు వచ్చేది. ఆ మాటకి అర్థం లేదు, ఏ భాషా కాదు. అమ్మ కూడా అనేది తర్వాత తర్వాత, పొయ్యి దగ్గర జరగమనడానికి. అమ్మ పోయాక మా ఇంట్లో ఎవరూ అనలేదు.

దాంట్లో వాడి పేరేం లేదు. వట్టి చిన్నపిల్లాడి మాట. మిగతా కాగితంలో చూడు, దొరుకుతుందేమో.

అకెయో


కరియోబాంగి
30 మే

అక్కయ్యకు,

నీ ఉత్తరం చేరింది. ఇంకా కనుక్కుంటున్నాను. ఇక్కడ పనులు ఎక్కువగా ఉన్నాయి. ఒచోలాని తొందరపడవద్దని చెప్పు. అవినో జాగ్రత్త.

సిల్వానో


కెందు బే
12 జూన్

సిల్వానో,

నువ్వు పుట్టినప్పుడు నిన్ను వీపున కట్టుకుని మోశాను. నువ్వు నాకు రాసిన ఉత్తరాల్లో ఒక్కటైనా మీ ఆవిడ మాటో, ఒక ఎకసెక్కమో లేకుండా లేదు. నీ తండ్రి పోయాడని రాసిన ఉత్తరంలో కూడా శవపేటిక మోసినవాళ్లు తూలారని రాశావు. ఈసారి నాలుగు ముక్కలు రాశావు. 'అక్కయ్యకు' అని రాశావు. నువ్వు నన్ను ఎప్పుడు అక్కయ్యని చేశావురా?

నీకు తెలిసింది. ఏం తెలిసిందో రాయి. నేను చాప మీద కూర్చునే చదువుతాను, పడిపోను.

అకెయో


కరియోబాంగి
21 జూన్

అక్కా,

ఒలువోచ్ లేడు.

వెనకద్దం మీద నేను రాసిన పేరు న్యుబూ. పసుపు అక్షరాలు, ఊదా నీడ. నీ కాగితంలో ఆ మాట చూసి మా ఆవిడని పిలిచి, 'ఇదేం మాట, చదువు' అన్నాను. అది చదివింది. నేను చదివింది తప్పేమో అనుకున్నాను.

మర్నాడు బండి ఆగే చోటుకి పోయాను. డ్రైవరు ముటిసో అని, పెద్దవాడే. "వాడి గడ్డం కింద మచ్చ ఉండేదా?" అని అడిగాను. "గాలం మచ్చ. చేప నన్ను పట్టబోయింది అనేవాడు" అన్నాడు. తర్వాత ఇద్దరం బండి మెట్టు మీద కూర్చున్నాం. అతనే చెప్పాడు అన్నీ.

వాడు ఈ లైనులోకి వచ్చిన కొత్తలో బండి నిండిపోయి, బయట ఎవరైనా మిగిలితే, లోపలికి తల పెట్టి "న్యుబూ" అనేవాడట. ఎవరికీ అర్థం తెలియదు. వాడు అన్న తీరుకే జనం జరిగేవారట. నెల తిరిగేసరికి వాడి బండిలో ఎక్కేవాళ్లు వాళ్లలో వాళ్లే అనడం మొదలుపెట్టారు. తర్వాత పక్క బండి వాళ్లు, ఆ తర్వాత పక్క పేట. టీ కొట్టు బల్ల మీద రాసి పెట్టారు. చర్చి బెంచీ వెనక ఎవరో చెక్కారట. నేను ముందే రెండు బండ్ల తలుపుల మీద రాశాను అక్కా, ఎక్కడి మాటో తెలియకుండా, వట్టి ఫ్యాషన్ మాట అనుకుని. నువ్వు రాయి అన్నావే, ఆ మాటల్లో ఒకటి మీ చాప మీదిది.

జనవరి చివర్లో వాన పడుతోందట. బండి నిండింది. ఒక ముసలమ్మ గొడుగు లేకుండా నిలబడి ఉంది. వాడు న్యుబూ అన్నాడు, జనం జరిగారు, ఆమె ఎక్కింది. వాడికి కాలు పెట్టే చోటు కూడా మిగలలేదు. వేళ్ల మీద వేలాడాడు. మలుపులో జారాడు. అక్కడికక్కడే పోయాడు, బాధపడలేదని ముటిసో అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమో.

వాళ్లు మంచివాళ్లు అక్కా. చందాలు వేసుకుని పెట్టె కొన్నారు. రేడియోలో చావు కబురు చెప్పిద్దామని వెళితే, 'బాప్తిస్మం పేరేమిటి, తండ్రి పేరేమిటి, ఏ ఊరు' అని అడిగారట. ఏ ఒక్కటీ వీళ్లకి తెలియదు. శవాగారంలో కూడా అదే మాట. పేరు చెప్పి తీసుకుపోయే బంధువు రావాలి. ఎవరూ రానివాళ్లని కొన్నాళ్లు ఉంచి నగరం వాళ్లే ఊరి బయట పూడుస్తారు. ఒకే గోతిలో, ఒకరి పక్కన ఒకరిని సర్ది. మార్చి నెలలో పూడ్చేశారు. ఆ చోటు కూడా ఇప్పుడు ఎవరికీ తెలియదు. నేను పోయి అడిగాను, చెయ్యి ఇలా చాపి పొలమంతా చూపించారు.

ఇప్పుడు అసలు సంగతి. బోర్డుకి బేరం ఆడడానికి వచ్చిన రోజున ముటిసో నాతో అన్నాడు, "సిల్వానో, నువ్వు చాలామందికి తెలిసినవాడివి. ఒకసారి వచ్చి మొహం చూడు, ఎవరి కొడుకో చెప్పగలవేమో" అని. మా ఆవిడ కడుపుతో ఉంది. కడుపుతో ఉన్నదాని మొగుడు పరాయి శవాన్ని చూడకూడదని మా అత్త ఒట్టు వేయించింది. నేను రానన్నాను. పరాయి శవం అనుకున్నాను. వాడింకా అక్కడే ఉన్నాడు ఆ రోజు, నేను పసుపురంగు కలుపుతున్నప్పుడు. నీకు మొదటి జవాబు రాస్తున్నప్పుడు కూడా ఉన్నాడు. 'ఆ పేరు నీకు రాయను, తిడతావు' అని రాశాను చూడు, ఆ ఒక్క మాట రాసి ఉంటే నువ్వు మొదటి బస్సుకి వచ్చేదానివి.

నువ్వు ఎంత తిట్టినా పడతాను. ఏమీ అనకుండా మాత్రం ఉండకు.

సిల్వానో


కెందు బే
4 జులై

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన రోజు గొంతు పోయేదాకా ఏడ్చాను. వాకిట్లో పడి ఏడిస్తే వీధంతా వచ్చింది. ఇవాళ కూర్చుని రాస్తున్నాను.

తిట్టమన్నావు. తిడదామనే కూర్చున్నాను. ఆ మాటలు నాకు రాయకు అని నీకు రాసింది ఎవరు? తప్పు నీదా నాదా అని కొలిచే ఓపిక నాకు లేదు. వాడు అక్కడ ఎవరి పక్కన పడున్నాడో అన్నదే తెల్లవార్లూ తిరుగుతోంది తలలో. వాడికి కుడివైపు పడుకుంటే గాని నిద్ర పట్టేది కాదు.

శరీరం దొరకనివాడికి మనవాళ్లు ఏం చేస్తారో నీకు తెలుసు. యాగో కాయని చూశాడు మాగాక్ తాత, వాగు పక్క చెట్టున. మనిషి తొడంత ఉంది. దాన్ని కోసి, గుడ్డ చుట్టి, మనిషిని పెట్టినట్టే మట్టిలో పెడతాం, మా గుమ్మానికి ఎడమ పక్కన. ఈ నెల ఇరవై మూడున. ఆ తర్వాత వాడి పేరు మీద ఒక గుంజ పాతాక ఒచోలా తన గుంజ పాతుకోవచ్చు. తాత ఒప్పుకున్నాడు. ఒచోలా ఆ మాట విని సంతోషించలేదు. ఆ రెండు గుంజలనీ గడ్డి కప్పి మూలన దాచాడు, చూడలేక.

పేరు దగ్గర గొడవ వచ్చింది. తాత అన్నాడు, "కాయని పూడ్చినా పిలిచే పేరు కావాలి. లేకపోతే ఆ నేలలో ఉన్నది కాయే అవుతుంది, మనిషి కాదు. శిలువ మీద జబ్లోన్ ఒలువోచ్ అని రాయించు." నేనన్నాను, "తాతా, ఆ పేరుతో నాలుగు నెలలు వెతికాం. పలికాడా?" ఆయనకి కోపం వచ్చింది. "వీధి కూతలు శిలువ మీద రాస్తావా? రేపు పూర్వులు చదివి ఏమనుకుంటారు?" అన్నాడు. నేను ఊరుకోలేదు. వాడు పలికే పేరు ఇదొక్కటే అన్నాను. ఆయన చేతికర్ర తీసుకుని వెళ్లిపోయాడు. రోజూ వస్తున్నాడు, దూరంగా కూర్చుంటున్నాడు, మాట్లాడటం లేదు.

నువ్వు బోర్డు రాసి పంపు. రెండూ రాయి. అమ్మ పెట్టిన పేరు పైన, వాడు పెట్టుకున్నది కింద, పెద్ద అక్షరాలతో. ఎలా రాయాలో మాకెవరికీ తెలియదు, మేం దాన్ని ఎప్పుడూ రాయలేదు. నీకే తెలుసు.

అకెయో


కరియోబాంగి
17 జులై

అక్కా,

బోర్డు పూర్తయింది. ముటిసో, ఇంకా పదిమంది బండివాళ్లు తమ బండిలోనే తెస్తున్నారు. ఒక్కరోజు పని మానేస్తే రోజు కూలీ పోతుందని నేనంటే ముటిసో నన్ను కొట్టేలా చూశాడు. వాళ్లకి నేల మీద పడుకోవడం అలవాటే, పడకల గురించి కంగారుపడకు. తిండి కాస్త ఎక్కువ తింటారు.

నేను రావడం లేదు. మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. అది నిజమే, కానీ అదొక్కటే కారణం కాదని నీకు తెలుసు. ఆ కాయ పక్కన నిలబడటానికి నాకు మొహం లేదు. మేం పోట్లాడుకున్న దుప్పటి సంగతి రాశాను కదా. అప్పటికి మా ఆవిడ, పిల్లలు ఊళ్లోనే, నా గదిలో ఒక్కటే దుప్పటి. చలికాలం ఒక రాత్రి వాడు ఎవడో ఊరు పేరు లేని కుర్రాణ్ణి తెచ్చి మా ఇద్దరి మధ్య పడుకోబెట్టాడు. చోటు లేదురా అన్నాను. ఇద్దరినీ బయటికి పంపాను.

అక్షరాలు అదే పసుపు వేశాను. శిలువకి తెలుపే వేయాలంటారని తెలుసు. తాతకి నచ్చకపోతే నా పేరు చెప్పు.

సిల్వానో


కెందు బే
26 జులై

తమ్ముడూ,

అయిపోయింది. నువ్వు లేవు కాబట్టి మొత్తం రాస్తాను.

బండి మధ్యాహ్నానికి వచ్చింది. వెనకద్దం మీద నీ అక్షరాలు చూశాను. మా వీధిలోకి వెనక్కి నడుపుకుంటూ తెచ్చారు ముటిసోవాళ్లు, అద్దం గుమ్మం వైపు ఉండాలని. వాడు ఇంటికి అలా వచ్చాడు. ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. నేను అద్దం మీద చెయ్యి పెట్టాను, ఎండకి కాలుతోంది. బాగా రాశావు రా.

కాయని ఒచోలా మోశాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మెల్లగా దించాడు, కుడివైపు తిప్పి. నేను చెప్పలేదు, వాడికీ గుర్తుంది. పాస్టరు గారు ప్రార్థనలో జబ్లోన్ అన్నారు. బండివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లు ఆ పేరు వినడం అదే మొదటిసారి. ఒకడు పక్కవాడితో "జబ్లోనా? మనవాడా?" అన్నాడు, ఏడుస్తూనే.

మట్టి వేసేసరికి వాన పట్టుకుంది. కట్టిన టార్పాలిన్ చిన్నది, ఊరు పెద్దది. అందరూ కిందికి దూరారు, బెంచీల మీద ఒకరి ఒళ్లో ఒకరు. మాగాక్ తాత మాత్రం బయటే ఉన్నాడు, కర్ర మీద ఆనుకుని, మట్టి పక్కన, తడుస్తూ. పిలిచినా రాలేదు. నా మీద కోపమో, వాడి మీద ప్రేమో ఆయనకే తెలియాలి. అప్పుడు ముటిసో లేచి టార్పాలిన్ కిందికి తల వంచి, గొంతు పెంచకుండా, "న్యుబూ" అన్నాడు.

బండివాళ్లు జరిగారు. వాళ్లని చూసి మనవాళ్లు జరిగారు, అర్థం తెలియకుండానే. బెంచీ చివర అవినో పెద్ద కడుపుతో జరిగింది. నేనూ జరిగాను, ఒళ్లు దానంతట అదే ఎడమకి దొర్లింది, నలభై ఏళ్లు పైబడిన మనిషిని. నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వచ్చింది. తాత చూశాడు. వచ్చి అందులో కూర్చున్నాడు. తడిసిన కోటు నీళ్లు నా మీద కారుతున్నాయి. కాసేపటికి మెల్లగా అడిగాడు, "ఏమిటమ్మా ఆ మాట? ఇంకోసారి అను" అని. నేను అన్నాను. ఆయన నోట్లో తిప్పుకుని చూసుకున్నాడు, పళ్లు లేవు కదా, సరిగా రాలేదు. వాడు చిన్నప్పుడు అన్నట్టే వచ్చింది. అప్పుడు నేను ఆగలేకపోయాను.

బోర్డు పాతాం, పసుపు రంగుతోనే.

మర్నాడు వాడి పేరు మీద గుంజ తాతే పాతాడు. ఇవాళ ఒచోలా తనది పాతుతున్నాడు. గొడ్డలి చప్పుడు వినపడుతోంది నాకు రాస్తుంటే. గడ్డి తక్కువగా ఉంది, ఆగస్టుకల్లా కప్పు పడుతుందో లేదో. వాడు కొంటానన్న రేకులు ఎవరి దగ్గర ఉన్నాయో ముటిసోకీ తెలియదు.

నీ దుప్పటి సంగతి చదివాను. రెండుసార్లు చదివాను. వాడు ఎవరినీ గుర్తుపెట్టుకుని కోపం పెంచుకునే పిల్లాడు కాదు. నువ్వు పెంచుకున్నావు, వాడి తరఫున నీ మీద. మరదలికి పురుడు వచ్చాక, పిల్లతోనో పిల్లాడితోనో రా. బండి దొరకలేదనకు. మొహం లేదనకు.

నువ్వు నేర్పిన భాషలో నేను రాయడం ఇదే మొదలు. తప్పులుంటే దిద్దుకో.

న్యుబూ, తమ్ముడూ.

అకెయో